తులసివనం, గంజాయి మొక్క

సామెతల మీద పాఠం చెప్పటం తేలికని తెలుగు అధ్యాపకులం అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కిందటి సంవత్సరం మా కళాశాలలో “తులసివనంలో గంజాయి మొక్క” అనే సామెత వచ్చింది. మంచివాళ్ల నడుమ చేరిన చెడ్డవాడని అర్థం చెప్పి తర్వాతి సామెతకు వెళ్లబోతున్నాను. వెనక బల్ల మీంచి ఒక కుర్రవాడు లేచాడు. అతనిది ఏజెన్సీలో ఒక గూడెం.

“మాస్టారూ, ఆ మొక్కని అమెరికాలో క్యాన్సర్ రోగులకి మందుగా ఇస్తారట గదా. మరి మా అన్న దాన్ని మోసినందుకు జైల్లో ఎందుకున్నాడు?”

తరగతిలో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జవాబూ రాలేదు.

నవ్వు రాకపోవటానికి ఒక కారణం వుంది. ఆ నెలల్లోనే మా అమ్మకు కెమోథెరపీ జరుగుతున్నది. మందు ఎక్కించిన రోజు బాగానే వుండేది. రెండో రోజు నుంచి వికారం పట్టుకునేది. అన్నం వాసన వస్తే డోకు, నీళ్లు తాగితే డోకు. మూడో దఫాకు వచ్చేసరికి ఆస్పత్రికి వెళ్లే బస్సు కనిపించగానే కడుపులో తిప్పేది. “రోగం చంపితే చంపనీ నాయనా, ఈ మందు వద్దు” అన్నది ఒకనాడు. ఆ మాట విన్నవాడికి వాంతి అనేది చిన్న విషయంగా కనబడదు. వాంతి భయంతో వైద్యమే మానుకునే రోగులున్నారు. అంటే, వాంతిని ఆపటం కూడా కొందరి విషయంలో ప్రాణం నిలపటమే.

ఆ కుర్రవాడికి నేను బాకీపడ్డ జవాబు ఈ వ్యాసం. ఒక మొక్క ఎక్కడ మందు అయింది, ఎక్కడ నేరం అయింది, ఎవరి చేతుల్లో ఏమయింది అనే సంగతి సామెత చెప్పదు. చరిత్ర చెబుతుంది.

మన దేశంలో ఈ మొక్క మందుగా చాలాకాలం నుంచి వాడుకలో వుంది. పదహారో శతాబ్దపు భావప్రకాశం దీన్ని జఠరాగ్నిని పెంచే పాచనద్రవ్యంగా చెప్పింది. మత్తు కలిగిస్తుందనే సంగతి కూడా దాచలేదు. ఇంతమాత్రం చేత “అన్నీ మన పూర్వులకు తెలుసు” అని జబ్బలు చరుచుకోవలసిన పని లేదు. పాత వైద్యులకు తెలిసింది అనుభవం. ఆ అనుభవంలో ఏది నిజం, ఏది భ్రమ, ఎంత మోతాదు మేలు, ఎంత కీడు అని విడదీసి చూసే పద్ధతి వారి చేతిలో లేదు. అనుభవం శాస్త్రానికి పునాది కాగలదే కాని శాస్త్రానికి బదులు కాలేదు.

ఆ పునాది మీద మొదటి ఇటుక పెట్టినవాడు విలియం బ్రూక్ ఓషానెస్సీ. ఐర్లండులో పుట్టి, ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా వచ్చి, కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడయ్యాడు. ఇక్కడి జనం వాడే గంజాయిని ఆయన ఏవగించుకోలేదు. స్థానిక పండితులనూ హకీములనూ అడిగి తెలుసుకున్నాడు. శవచ్ఛేదం చేసి చరిత్రకెక్కిన మధుసూదన గుప్తా వారిలో ఒకడు. ఓషానెస్సీ మొదట జంతువుల మీద పరీక్షించి, తర్వాత కీళ్లవాతం, కలరా, ధనుర్వాతం వచ్చిన రోగులకు ఇచ్చి చూసి, 1839లో ఫలితాలను ప్రకటించాడు. పిచ్చికుక్క కరిచిన ఒక రోగిని ఆ మందు బతికించలేకపోయింది. కాని అతని యాతన తగ్గించింది. జబ్బును కుదర్చలేని చోట కూడా బాధను తగ్గించటం వైద్యుడి ధర్మమే అన్న సంగతి ఆనాటి ప్రయోగంలోనే వుంది. నా వ్యాసానికి అదే మూలసూత్రం.

ఓషానెస్సీ ద్వారా ఈ మందు ఇంగ్లండుకు, అక్కడినుంచి యూరప్ అమెరికాల మందుల దుకాణాలకు చేరింది. కలకత్తా బజారులో పేదవాడికి తెలిసిన వస్తువు లండనులో సీసాలకెక్కి అరఖు అయింది.

వలస ప్రభుత్వానికి మాత్రం గంజాయి ప్రధానంగా అబ్కారీ రాబడి. 1893లో బ్రిటిష్ పార్లమెంటులో దీని మీద ప్రశ్న వచ్చినప్పుడు ఏడుగురు సభ్యులతో ఒక కమిషన్ వేశారు. అది దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల మాట విన్నది. మితమైన వాడకం వల్ల చెప్పుకోదగ్గ హాని లేదనీ, అతిగా వాడితే హాని వుందనీ, పూర్తి నిషేధం అనవసరమనీ, లైసెన్సులూ పన్నుల ద్వారా అదుపు చెయ్యాలనీ 1894లో తేల్చింది. ఈ నివేదికను నేటి గంజాయి అభిమానులు వేదవాక్యంగా ఉదహరిస్తారు. సాక్ష్యం సేకరించటంలో ఆ కమిషన్ శ్రద్ధను కాదనటానికి వీల్లేదు. కాని ఆ తీర్పు ఖజానాకు అనుకూలంగా వుండటం కూడా గమనించాలి. నిజమూ లాభమూ ఒకే దారిన నడిచిన సందర్భం అది. అలాంటి సందర్భాలు చరిత్రలో ఎక్కువ రావు.

ఇరవయ్యో శతాబ్దంలో దారులు విడిపోయాయి. 1925 జెనీవా ఒప్పందంలో, ఈజిప్టు ప్రతినిధి పట్టుబట్టటం వల్ల, నల్లమందుతో పాటు గంజాయి కూడా అంతర్జాతీయ నియంత్రణ కిందికి వచ్చింది. అమెరికాలో కథ మరోలా నడిచింది. అక్కడ ఈ మొక్కకు మెక్సికన్ కూలీల పేరూ, నీగ్రో సంగీతకారుల పేరూ అంటగట్టారు. మాదకద్రవ్యాల శాఖాధిపతి హ్యారీ ఆన్‌స్లింగర్ పత్రికల్లో భయం పుట్టించాడు. 1937లో పన్ను చట్టం పేరుతో నిషేధం తెచ్చారు. అమెరికన్ వైద్య సంఘం తరఫున డాక్టర్ విలియం వుడ్‌వర్డ్ వచ్చి, దీని వైద్యపు ఉపయోగాలకు దారి మూసెయ్యవద్దని చెప్పాడు. వినలేదు. 1942లో అమెరికా ఔషధ గ్రంథం నుంచి ఆ పేరు తొలగించారు. మందు మారలేదు. దాన్ని వాడేవాళ్ల రంగు పాలకులకు నచ్చలేదు.

1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన ఏకైక ఒప్పందం వచ్చింది. గంజాయిని హెరాయిన్‌తో పాటు అత్యంత కఠినమైన నాలుగో పట్టికలో పెట్టారు. వైద్యేతర వాడకాన్ని ఇరవైఅయిదేళ్లలో తుడిచిపెట్టాలని గడువు విధించారు. ఆకు భాగాన్ని, అంటే భంగును, నిర్వచనంలోంచి తప్పించారు. పువ్వుకు శిక్ష, ఆకుకు క్షమాభిక్ష!

ఇక్కడినుంచి కథ క్యాన్సర్ వార్డులోకి వస్తుంది.

1964లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో రఫాయేల్ మెషూలం, యెహియేల్ గావోనీ అనే రసాయన శాస్త్రజ్ఞులు గంజాయిలో మత్తు కలిగించే ముఖ్య పదార్థాన్ని విడదీసి, దాని నిర్మాణాన్ని తేల్చారు. అదే టి.హెచ్.సి. పరిశోధనకు కావలసిన హషీషు మెషూలంకు పోలీసుల దగ్గర్నుంచే వచ్చింది. నేరస్థుల దగ్గర పట్టుకున్న సరుకు నుంచి శాస్త్రం ఒక అణువును బయటికి తీసింది.

ఆ కాలంలోనే క్యాన్సర్‌కు కెమోథెరపీ విస్తరిస్తున్నది. ఆ మందులు క్యాన్సర్ కణాలతో పాటు పేగుల గోడలోని కణాలను కూడా గాయపరుస్తాయి. అవి సెరటోనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అక్కడి నరాలు ఆ వార్తను మెదడు కాండానికి చేరవేస్తాయి. శరీరం తనకు విషం ఎక్కిందనుకుని కక్కెయ్యటానికి సిద్ధపడుతుంది. ఒకసారి ఈ యాతన పడ్డ రోగికి మరుసటిసారి ఆస్పత్రి వాసనే చాలు. మా అమ్మకు బస్సు చాలినట్టు. ఆ దశాబ్దాలలో వున్న వాంతుల మందులు ఈ తుఫానుకు గొడుగుల్లాంటివి.

ఆ సమయంలో అమెరికాలో కొందరు యువ రోగులు ఒక సంగతి గమనించారు. చికిత్సకు ముందు గంజాయి తాగిన రోజున తమకు వాంతులు కావటం లేదు. హార్వర్డు మనోవైద్యుడు లెస్టర్ గ్రిన్‌స్పూన్ ఇంట్లోనే ఇది జరిగింది. ఆయన కొడుక్కి రక్త క్యాన్సర్. కొడుక్కి గంజాయి ఇచ్చి చూద్దామని భార్య అన్నప్పుడు, చట్టవిరుద్ధం వద్దని ఆయనే వారించాడు. గంజాయి మీద పెద్ద గ్రంథం రాసినవాడు ఆయన! ఆమె భర్త మాట వినలేదు. ఎక్కడో సంపాదించి తెచ్చి కొడుక్కి ఇచ్చింది. చికిత్స అయ్యాక ఎప్పుడూ వాంతులతో ఇంటికి వచ్చే కుర్రవాడు ఆ రోజు దారిలో తినటానికి ఏమైనా కొనిపెట్టమన్నాడు. ఆ తల్లి తన కళ్లను నమ్మింది. గ్రంథకర్త తన గ్రంథాన్ని కాక, ఆమెను నమ్మవలసి వచ్చింది.

ఆయన ఆ సంగతి క్యాన్సర్ వైద్యుడు ఎమిల్ ఫ్రై చెవిన వేశాడు. స్టీఫెన్ సాలన్, నార్మన్ జిన్‌బర్గ్, ఫ్రై కలిసి టి.హెచ్.సి. గుళికలతో ప్రయోగం చేసి 1975లో ప్రకటించారు. రోగికి గాని వైద్యుడికి గాని ఏది మందో ఏది ఉత్తి గుళికో తెలియకుండా ఇచ్చారు. మందు ఇచ్చిన 20 దఫాల్లో 14 సార్లు వాంతులు తగ్గాయి. ఉత్తి గుళిక ఇచ్చిన 22 దఫాల్లో ఒక్కసారీ తగ్గలేదు. చిన్న ప్రయోగమే. కాని రోగుల గుసగుసకు శాస్త్ర గౌరవం వచ్చింది.

శాస్త్రం ఒప్పుకున్నంత మాత్రాన చట్టం ఒప్పుకోదు. 1970 చట్టం ప్రకారం అమెరికాలో గంజాయిని మొదటి పట్టికలో, అంటే వైద్యానికి పనికిరాని వాటిలో, పెట్టారు. న్యూమెక్సికో రాష్ట్రంలో లిన్ పియర్సన్ అనే యువ క్యాన్సర్ రోగి శాసనసభ గడప తొక్కి వాదించాడు. 1978లో ఆ రాష్ట్రం రోగులకు గంజాయి ఇచ్చే పరిశోధనా పథకాన్ని చట్టంగా చేసింది. కేంద్రప్రభుత్వ కార్యాలయాల నుంచి మందు కదిలి వచ్చేలోగా, ఆ ఏడే పియర్సన్ చనిపోయాడు. తర్వాత ఆ చట్టానికి అతని పేరు పెట్టారు. చట్టానికి పేరు దొరికింది. మనిషికి మందు దొరకలేదు.

ఇక 1985వ సంవత్సరం. ఈ చరిత్ర మొత్తానికి అది తాళంచెవి.

ఆ ఏడు మే నెలలో అమెరికా ప్రభుత్వం మారినాల్ అనే గుళికకు అనుమతి ఇచ్చింది. నువ్వులనూనెలో కలిపిన కృత్రిమ టి.హెచ్.సి. అది. అంతకు ముందు 1980 నుంచి అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ ఆ గుళికలను రోగులకు అందేట్టు చేసింది. ఇప్పుడది ఒక కంపెనీ సరుకయింది. మొక్క నేరం, మొక్కలోని అణువు వ్యాపారం. 1999 నాటికి గుళికను మూడో పట్టికకు దింపారు. మొక్క మొదటి పట్టికలోనే వుండిపోయింది. మధ్యలో 1988లో ఫ్రాన్సిస్ యంగ్ అనే న్యాయాధికారి సాక్ష్యాలన్నీ విని మొక్కను కూడా కింది పట్టికకు మార్చమని సిఫారసు చేశాడు. మాదకద్రవ్య నియంత్రణ శాఖ తోసిపుచ్చింది. వాంతి చేసుకునే రోగికి మింగే గుళికే గతి అయింది. మింగినది కడుపులో నిలిస్తే గదా పనిచేసేది!

అదే సంవత్సరం నవంబరు 14న మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం అమలులోకి వచ్చింది. 1961 ఒప్పందపు గడువు తరుముకొస్తున్నది. గంజాయీ చరసూ నేరాలయ్యాయి. భంగు మిగిలింది. అమెరికాలో ఆ మొక్క అణువుకు మందు హోదా దక్కిన ఏడే, ఆ మందు పుట్టిన గడ్డ మీద ఆ మొక్కకు సంకెళ్లు పడ్డాయి. ఇందులో కుట్ర వెతకనక్కరలేదు. ఒకే వ్యవస్థకు ఇవి రెండు ముఖాలు. విజ్ఞానం సరుకుగా మారగలిగిన చోట దానికి రక్షణ. సరుకుగా మారలేని పేదవాడి చేతిలో వున్నచోట దానికి శిక్ష.

వైద్యానికీ శాస్త్రానికీ మినహాయింపు మన చట్టంలోనే వుంది. కాని కాగితం మీది మినహాయింపు రోగి పడక దాకా నడిచి రాదు. మార్ఫిన్ సంగతి చూడండి. నల్లమందును పండించి ఇతర దేశాలకు ఎగుమతి చేసే దేశం మనది. అయినా ఈ చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కుల్లో మన ఆస్పత్రులలో మార్ఫిన్ వాడకం పడిపోయింది. క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరిగేవారికి అది అందకుండా పోయింది. ఈ చిక్కును కొంతైనా సడలించటానికి 2014 సవరణ దాకా ఆగవలసి వచ్చింది. నేరాన్ని ఆపటానికి కట్టిన గోడ రోగి ఇంటి ముందు లేచిందన్నమాట.

శాస్త్రం మాత్రం ఆగలేదు. 1988లో మెదడులో టి.హెచ్.సి. అతుక్కునే గ్రాహకాన్ని కనుక్కున్నారు. మరి మన మెదడులో గంజాయి కోసం తాళం ఎందుకుంది? శరీరమే ఆ తాళానికి తనదైన చెవిని తయారుచేసుకుంటుందని 1992లో తేలింది. మెషూలం బృందం ఆ పదార్థానికి సంస్కృతపు ఆనంద శబ్దం చేర్చి ఆనందమైడ్ అని పేరు పెట్టింది. వాంతిని నడిపించే మెదడు కాండంలో కూడా ఆ గ్రాహకాలున్నాయి. అక్కడ టి.హెచ్.సి. చేరి వాంతి సంకేతాన్ని అణచుతుంది. పాత వైద్యుడి అనుభవానికీ, ఆ తల్లి సాహసానికీ వివరణ దొరికింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నిషేధవాదుల మీద కోపంతో అబద్ధానికి మొగ్గటం అభ్యుదయం కాదు. 1991లో ఆండాన్‌సెట్రాన్ వచ్చాక వాంతుల వైద్యం చాలా ముందుకు పోయింది. నేటి మందులు టి.హెచ్.సి. కన్నా మేలైనవి. మా అమ్మకు డాక్టరుగారు మందులు మార్చి ఇచ్చాక నాలుగో దఫా నుంచి నయంగా వుంది. గంజాయి పదార్థం తోడు కావలసింది, ఇవన్నీ ఇచ్చినా వాంతులు ఆగని కొందరికి. ఆస్ట్రేలియాలో అలాంటి 147 మంది రోగుల మీద, మామూలు మందులు కొనసాగిస్తూనే, గంజాయి సారాన్ని చేర్చి చూసి 2024లో ఫలితాలు ప్రకటించారు. సారం తీసుకున్నవారిలో వందకు 24 మందికి పూర్తి ఉపశమనం దొరికింది. ఉత్తి గుళిక తీసుకున్నవారిలో 8 మందికే. మూడింతలు అని సంతోషించవచ్చు. వందలో 76 మందికి పూర్తిగా తగ్గలేదని కూడా గుర్తుంచుకోవాలి. మైకం, తల తిరగటం, నిద్రమత్తు కూడా ఎక్కువగానే కనిపించాయి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగేవారిలో కొందరికి గంజాయే ఆగని వాంతులు తెస్తుంది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లోనే మా దూరపు బంధువొకాయన ఒక నూనె సీసా పట్టుకొచ్చాడు. గంజాయి నూనె, క్యాన్సరే మాయమవుతుంది, కెమో మానెయ్యమన్నాడు. సీసా మీద మోతాదు లేదు, తయారీదారు పేరు లేదు. అమ్మ ఆశగా నావంక చూసింది. ఆ చూపుకు కాదని చెప్పటం నా జీవితంలో కష్టమైన పనుల్లో ఒకటి. వాంతిని తగ్గించే మందు వేరు, క్యాన్సర్‌ను నయం చేసే మందు వేరు. మనుషుల్లో గంజాయి క్యాన్సర్‌ను నయం చేస్తుందనటానికి రుజువు లేదు. నిషేధం వున్నచోట నమ్మదగిన పరిశోధన జరగదు. పరిశోధన లేనిచోట ఇలాంటి సీసాలు జరుగుతాయి. నిషేధమూ నాటువైద్యుడూ శత్రువులుగా కనబడతారు గాని ఒకరి నీడలో ఒకరు బతుకుతున్నారు.

2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో ఓటు జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు మీద, గంజాయిని ఆ నాలుగో పట్టిక నుంచి తొలగించాలని 27 దేశాలూ, వద్దని 25 దేశాలూ చేతులెత్తాయి. తొలగించాలన్న 27లో భారతదేశం ఒకటి. దీనికి వైద్యపు విలువ వుందని వియన్నాలో మన ప్రభుత్వం ఒప్పుకుంది.

మరుసటి ఏడు, 2021లో, విశాఖ ఏజెన్సీ కొండల మీద పోలీసు బలగాలు వేల ఎకరాల గంజాయి పంటను నరికాయి. ఆ పంట మందు కోసం పండించింది కాదు. దూర పట్టణాల వ్యాపారులు పెట్టుబడి పెట్టి, గిరిజనుడి భూమినీ చేతులనూ వాడుకుని పండించిన మత్తు సరుకు అది. దాన్ని సమర్థించటం నా ఉద్దేశం కాదు. కాని దొరికేది ఎవరు? మూట మోసినవాడు. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాని శిక్ష. బెయిలు దొరకటం గగనం. పెట్టుబడి పెట్టినవాడి చిరునామా మూట మీద రాసి వుండదు.

ఆ కుర్రవాడి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలననుకుంటాను. నాయనా, అమెరికాలో మందయిన వస్తువూ మీ అన్న మోసిన వస్తువూ ఒక మొక్కవే. కాని ఒకటి పరీక్షకు నిలిచి, మోతాదు తేల్చుకుని, కంపెనీ ముద్ర వేయించుకుని వచ్చింది. రెండోది మత్తు బజారుకు పోతున్నది. ఆ తేడా నిజమైనదే, దాన్ని చిన్నది చెయ్యకు. అయితే ఆ పరీక్ష ఇక్కడ ఎందుకు జరగలేదు, మీ కొండల మీద ప్రభుత్వ పర్యవేక్షణలో మందుమొక్కగా దాన్ని పండించి, ప్రభుత్వ ప్రయోగశాలలో శుద్ధి చేసి, వాంతులు ఆగని పేద రోగికి ప్రభుత్వాస్పత్రిలో చవగ్గా ఎందుకు ఇవ్వకూడదు అని అడుగు. మీ అన్నకు పడ్డ శిక్ష అతనికి పెట్టుబడి పెట్టినవాడికి ఎందుకు పడలేదని అడుగు. ఇవి వృక్షశాస్త్రం తేల్చే ప్రశ్నలు కావు. ఎవరికి ఏ హక్కు వుందనే ప్రశ్నలు.

అమ్మ ఇప్పుడు అన్నం తింటున్నది. పెరట్లో తులసికోటకు నీళ్లు పోస్తున్నది. ఈ ఏడు కూడా ఆ సామెత పాఠంలో వుంది. అర్థం చెప్పేటప్పుడు ఇక తొందరపడను. వనం ఎవరు నాటారు, కంచె ఎవరు వేశారు, ఏది కలుపు అని నిర్ణయించింది ఎవరు అని ముందు విద్యార్థులను అడుగుతాను.